ఎనిమిది లేని బడి

ముందే ఒప్పేసుకుంటే తర్వాత గొడవ ఉండదు. నేను చెప్పే ఏ సంగతైనా అసలు కొలత కంటే నాలుగు బెత్తెలు పెద్దదిగా ఉంటుంది. చిన్నప్పుడు చీమ కుట్టిందని ఏడిస్తే మా అమ్మ వచ్చి "ఎంత చీమరా?" అని అడిగేది. నేను చేతులు బారచాపి చూపించేవాణ్ణి. వయసు యాభైకి దగ్గరపడ్డా ఆ చేతులు ఇంకా ముడుచుకోలేదు. మా ఆవిడ నేను చెప్పినదాంట్లో సగం కొట్టేసి, మిగిలిన సగాన్ని ఎండలో ఆరబెట్టి, ఆవిరి కాగా అడుగున అంటుకున్నది మాత్రం నమ్ముతుంది. మీరూ ఆ పద్ధతే పాటించండి. ఒక్క మనవి. పెంచి చెప్పడం వేరు, పుట్టించడం వేరు. ఇందులో నేను పూర్తిగా పుట్టించిన ముక్క ఒకటుంది. అదేదో చివర్లో నేనే చెబుతాను.

మొన్న కోకాపేటలో మా అత్తయ్యను చూడ్డానికి వెళ్ళాను. అత్తయ్య అంటే మా నాన్నగారి అక్క, భ్రమరాంబ. కూతురి దగ్గర ఉంటోంది. ఆ భవనం ఎంత ఎత్తంటే, వాన పడుతోందని కింద కాపలావాళ్ళు ఫోన్ చేసి చెబితే తప్ప పైవాళ్ళకి తెలియదు. మబ్బు వాళ్ళ బాల్కనీకి దిగువన ఉంటుంది. లిఫ్టు ఆగేసరికి నా చెవులు రెండూ మూసుకుపోయాయి. అందువల్ల అత్తయ్య పలకరింపులో మొదటి తిట్లు నాకు వినపడలేదు. ఎనభై దాటింది. పళ్ళు పోయాయి, చూపు మందగించింది, నాలుక మాత్రం సానబెట్టిన కత్తిపీటలాగే ఉంది. పక్కన మూడేళ్ళ మునిమనవరాలు ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని లెక్కల ఆట ఆడుతోంది. తెర మీద బాతుల బొమ్మలున్న కార్డు ఒకటి వస్తుంది, దాని కింద అంకెల కార్డులు వస్తాయి. బాతుల్ని లెక్కపెట్టి, సరైన అంకెని వేలితో లాగి పక్కన పెట్టాలి. పిల్ల తప్పు అంకె లాగినప్పుడల్లా ఆ యంత్రం పాట పాడి, నక్షత్రాలు చల్లి, "చాలా బాగా ప్రయత్నించావు బంగారం!" అంటోంది.

"చూశావట్రా రాంబాబూ, తప్పు చేస్తే పొగుడుతోంది ఈ పలక" అంది అత్తయ్య. "ఓడిపోయినవాడికి ఓడిపోయానని తెలియకపోతే ఇంక అదేం ఆటరా, నా శ్రాద్ధం!"

"నీ ఆటలో అందరికీ తెలిసేదిలే అత్తయ్యా" అన్నాను.

ఆవిడ దాన్ని పొగడ్త కింద జమ వేసుకుని బోసినోటితో నవ్వింది. పాత అలవాటు కొద్దీ పిల్ల వైపు తిరిగి, "ఏవే, సెవెన్ తర్వాత ఎంత?" అని అడిగింది. పిల్ల తల ఎత్తకుండానే "ఎయిట్" అంది. అత్తయ్య "థూ" అని, ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంది. ఆ "థూ" వెనక ఒక బడి ఉంది. నా వయసులో ఒక ముక్క ఆ బడిలో గడిచింది.

అప్పటికి సైబరాబాద్ ఇంకా పురిట్లో ఉంది. మాదాపూర్ సందుల్లో ఎటు చూసినా బండరాళ్ళే. మధ్యాహ్నాలు రాళ్ళు పేల్చేవారు. పేలినప్పుడల్లా మా అత్తయ్య ఇంట్లో కూజా మీద మూత ఎగిరి పడేది, మావయ్య ముక్కుపొడుం గాల్లో లేచి ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్ళం. ఆ ఇంటి కింది భాగంలో అత్తయ్య ప్లే స్కూలు నడిపేది. పై భాగంలో ఆవిడ, మావయ్య, నేను. నేను గుంటూరు జిల్లా నుంచి అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకోవడానికి వచ్చాను. నేను కోర్సు జోలికి పోలేదు, కోర్సు నా జోలికి రాలేదు, ఇద్దరం మర్యాదగా ఉండేవాళ్ళం. తిండికీ పడకకీ బదులుగా అత్తయ్య నా చేత బడి పనులు చేయించుకునేది. తెల్లారకముందే లేపి, "ఒరేయ్, సూర్యుడు కూడా నీలాగే పడుకుంటే లోకం ఏవైపోనురా" అనేది. సూర్యుడికి ఉప్మా పెట్టి చూడమనాలనిపించేది. ఆవిడ ఉప్మా వారానికి ఒకసారి దిమ్మలా పోసి, రోజూ ఇటుకలు కోసి పెడుతుందని నా అనుమానం. ఆ పక్కన జరుగుతున్న ఒక కట్టడంలో కొన్ని గోడలు వాటితోనే లేచి ఉంటాయి.

ఆ ఇంటి వాసన చెప్పమంటే ఇప్పటికీ చెప్పగలను. పొద్దున్నే ఫినాయిల్, దాని మీద డికాక్షన్, దాని మీద మైదా జిగురు, అన్నిటి మీదా తడిసిన చిన్న చిన్న నిక్కర్లు. శనివారం నాడు నువ్వుల నూనె దీపం అదనం. మావయ్య నీటిపారుదల శాఖలో పనిచేసి దిగిపోయిన మనిషి. గుమ్మం పక్కన పడక కుర్చీలో కూర్చుని పేపరును టెండరు ప్రకటనలతో సహా చదివి, అయిపోయాక ఇంకా మిగిలిందేమోనని దులిపి చూసేవాడు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ నీళ్ళు వదల్లేదని, ఇంట్లో కూడా ఆయన స్నానానికి బకెట్ లెక్కకట్టి పెట్టేది అత్తయ్య.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. పిల్లలకి అంకెలు నేర్పడంలో అత్తయ్యను మించినవాళ్ళు లేరు. పలక పట్టించేది కాదు, దిద్దించేది కాదు. పరిగెత్తించేది. అంతా కార్డులతో. ఆ కార్డులు కొన్నవి అనుకునేరు. అత్తయ్య వెళ్ళిన పెళ్ళిళ్ళు, ఎగ్గొట్టిన పెళ్ళిళ్ళు, పెటాకులైన పెళ్ళిళ్ళు, అన్నిటి శుభలేఖలూ ట్రంకు పెట్టెలో దాచేది. వాటి వెనక తెల్లటి వైపున నేను బొమ్మలు గీయాలి. కొన్నింటి మీద అంకె, కొన్నింటి మీద ఆ అంకెకు సరిపడా బొమ్మలు. మూడు అంకెకి జతగా మూడు చిలకలు, అయిదుకి జతగా అయిదు అరటిపళ్ళు. నా బొమ్మలు ఎలా ఉండేవంటే, చిలకను చూసి ఒక పిల్లాడు "వంకాయ" అన్నాడు, వంకాయను చూసి ఇంకొకడు దండం పెట్టాడు. కార్డు తిప్పితే పసుపు మూలలు, వినాయకుడు, "చి॥ల॥సౌ॥" అంటూ ఎవరో పెళ్ళికూతురు. హాలంతా అంకెల కార్డులు పరిచేది అత్తయ్య. పిల్లలు వరుసగా వచ్చి ఒక్కొక్క బొమ్మల కార్డు తీసుకుంటారు. ఈల వేయగానే బొమ్మలు లెక్కపెట్టుకుని, దానికి జతైన అంకె వెతుక్కుని, ఆ అంకె పక్కన చతికిలబడాలి. అంతే ఆట. అమ్మ కొంగు వదలనని బడి గేటు కొరికిన పిల్లలు కూడా నెల తిరక్కుండా కార్డు చేతిలో పడగానే లెక్కపెట్టడం మొదలుపెట్టేవాళ్ళు. ఒకడు మావయ్య తుమ్ములు లెక్కపెట్టి అంకె పక్కన కూర్చున్నాడు.

ఆ ఎండాకాలం పక్క వీధిలో ఇంకో ప్లే స్కూలు వెలిసింది. వాళ్ళు ఏనుగు ఆకారంలో జారుడుబల్ల పెట్టారు. పిల్లలు తొండం గుండా ఎక్కి ఎక్కడినుంచి బయటికి వచ్చేవారో రాయడం మర్యాద కాదు. మా బడి సగం ఖాళీ అయింది. అత్తయ్య కుంగిపోయి, నిజాంపేట నుంచి సంఖ్యాశాస్త్రం చెప్పే ఆయన్ని పిలిపించింది. ఆయన స్కూటర్ మీద వచ్చాడు. పది వేళ్ళకీ ఉంగరాలు, చెయ్యి ముడిస్తే గులకరాళ్ళ సంచిలా చప్పుడయ్యేది. అత్తయ్య పుట్టిన తేదీ, ఇంటి నంబరు, బడి పేరు, మావయ్య పింఛను నంబరు కూడా కూడి, తీసి, గుణించి, చివరికి కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మా, ఎటు కూడినా ఎనిమిదే వస్తోంది. ఎనిమిది అంటే శని. మీ ఇంట్లో శని తిష్ట వేసుక్కూర్చున్నాడు. ఆ అంకె మీ గడప లోపల కనపడకూడదు, వినపడకూడదు."

అత్తయ్య సగం పనులు చేసే మనిషి కాదు. ఆ సాయంత్రానికల్లా ఇంట్లో ఎనిమిది బతికి బట్టకట్టలేదు. గడియారంలో ఎనిమిదిని బ్లేడుతో గీకేసింది. క్యాలెండర్లో ప్రతి నెలలో ఎనిమిదో తారీఖు గడిని కత్తెరతో కోసేసింది. నెలనెలా ఒక కిటికీ ఏర్పడి, దాంట్లోంచి వచ్చే నెల తొంగిచూసేది. ఫోనులో ఎనిమిది మీట మీద బ్యాండేజీ అంటించింది. అందువల్ల మా చుట్టాల్లో మూడొంతుల మందికి మేము ఫోన్ చేయడం మానేశాం, వాళ్ళు సుఖపడ్డారు. మావయ్య పాపం పొద్దున్నే కాఫీ కోసం ఎదురుచూస్తూ, "ఏమేవ్, ఏడు దాటి చాలాసేపైంది, తొమ్మిది ఇంకా కాలేదు, ఇప్పుడు నేను ఎక్కడున్నట్టే?" అని అడిగేవాడు.

బడిలో పిల్లలకి "సిక్స్, సెవెన్" దాకా నోటితో చెప్పి, తర్వాత ఒక చప్పట కొట్టి, మళ్ళీ "నైన్, టెన్" అనమని నేర్పింది. పిల్లలకి ఆ చప్పట ఎంత నచ్చిందంటే దానికోసమే లెక్కపెట్టేవాళ్ళు. తల్లిదండ్రులు కనుక్కోలేదా అంటే, వాళ్ళు చీకటితో ఆఫీసుకి పోయి చీకటితో ఇంటికి వచ్చేవాళ్ళు. తమకెంతమంది పిల్లలో కూడా వాళ్ళకి ఆదివారం నాడే ఖాయమయ్యేది. కనిపెట్టిన ఒకే ఒక్క తండ్రి అత్తయ్య చెప్పిందంతా శ్రద్ధగా విని, "మంచిపని చేశారండీ, ఎనిమిది ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, ముందు శని వదలాలి" అని, తన కారు నంబరు చూపించి సలహా అడిగాడు.

ఎనిమిది అంకె వేసిన కార్డును నువ్వుల నూనెలో ముంచి దుర్గం చెరువులో కలిపి రమ్మని నన్ను పంపింది. కలిపాను. అది నాకంటే ముందే ఒడ్డుకు వచ్చింది. మళ్ళీ కలిపాను. అంకె పోయింది సరే, దానికి జతైన ఎనిమిది మామిడిపళ్ళ కార్డు మిగిలింది. "దాన్నీ పారేద్దామా అత్తయ్యా?" అంటే ఆవిడ దాన్ని చేత్తో తడిమి చూసింది. అది ఎవరో బాగా కలిగినవాళ్ళ ఇంటి శుభలేఖ. అప్పడంలా మందంగా, అంచుకి బంగారు పూతతో ఉంది. "శని అంకెలో ఉంటాడు గాని మామిడిపళ్ళలో ఉంటాడట్రా? మంచి అట్ట. ఉండనీ" అంది.

ఆ పిసినారితనం వల్ల ఆట మారిపోయింది. మిగతా పిల్లలందరికీ జత అంకె దొరుకుతుంది. మామిడిపళ్ళ కార్డు వచ్చిన పిల్లకి దొరకదు. ఈల వేశాక అందరూ ఎవరి చోట వాళ్ళు చతికిలబడతారు, ఆ ఒక్క పిల్లా హాలంతా తిరుగుతూ లేని అంకెని వెతుకుతూ ఉంటుంది. ప్రతి కార్డు దగ్గరా ఆగి, మళ్ళీ మామిడిపళ్ళు లెక్కపెట్టి, తప్పు లెక్కపెట్టానేమోనని మొదటినుంచి లెక్కపెట్టి, చివరికి నిలబడిపోయేది. కూర్చున్న పిల్లలు ముందు కిసుక్కుమన్నారు. రెండో రోజుకి అరిచారు. మూడో రోజుకి ఎక్కడ నేర్చారో గాని "శని! శని!" అని చప్పట్లు. అలా మిగిలిపోయిన పిల్ల చెవులు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడాలని అత్తయ్య నియమం పెట్టింది. పిల్లలకి పిచ్చి సంబరం. ఏనుగు జారుడుబల్ల ఎవరికి కావాలి, రోజూ ఒకణ్ణి ఏడిపించే ఆట దొరికాక? అదే వారం ఆ ఏనుగు తొండం విరిగింది. పిల్లలు మా బడికి తిరిగొచ్చారు. అత్తయ్య నిజాంపేట దిక్కుగా తిరిగి దండం పెట్టింది.

ఒకరోజు ఆ కార్డు ఆరుష్ అనే పిల్లాడి చేతిలో పడింది. వాళ్ళ నాన్న ఒక కంపెనీలో మేనేజరు. మర్నాడు సాయంత్రం వాళ్ళమ్మ స్వప్నగారు వచ్చి గేటు దగ్గర్నుంచే మొదలుపెట్టింది.

"మా బాబుకి శని కార్డు ఇస్తారాండీ? రాత్రి అన్నం తినలేదండీ వాడు! ఫీజు కట్టేది దీనికా?"

"అయ్యో, ఆటేనమ్మా" అంది అత్తయ్య.

"ఆటైతే ఎవరితోనైనా ఆడించుకోండి. మా వాడితో కాదు."

ఎవరితోనైనా అంటే ఎవరో అత్తయ్యకు తడుముకోవలసిన అవసరం లేకపోయింది. మా బడి ఆయా యాదమ్మకు ఒక మనవరాలుంది, మల్లిక. పాలమూరు వైపు మనుషులు. కొడుకూ కోడలూ పక్కనే కడుతున్న ఆఫీసు భవనంలో ఇటుకలు మోసేవాళ్ళు, రేకుల షెడ్డులో ఉండేవాళ్ళు. యాదమ్మ జీతంలో కొంత తగ్గించి మల్లికను బడిలో కూర్చోనిచ్చింది అత్తయ్య. అది దయ అని ఆవిడ రోజుకొకసారైనా గుర్తుచేసేది. ఫీజు కట్టని పిల్లకి శని పట్టినా అడిగేవాళ్ళు లేరు. ఆ మర్నాటి నుంచి అత్తయ్య కార్డులు తానే పంచింది. అందరికీ పైనుంచి తీసిచ్చేది, మల్లికకి అడుగునుంచి.

యాదమ్మకు ఒకటే ఆశ. గచ్చిబౌలి వైపున్న ఒక పెద్ద బడివాళ్ళు ఏటా ఒక్క సీటు మాత్రం ఆయాల, వాచ్‌మెన్ల పిల్లలకి ఉచితంగా ఇచ్చేవాళ్ళు. మిగతా పిల్లలతో పాటే పరీక్షకి కూర్చోవాలి. పరీక్ష అంటే మళ్ళీ కార్డులే, బొమ్మకీ అంకెకీ జత కలపడమే. బొద్దింకలు కొట్టే చీపురు చేతిలో ఉండగానే యాదమ్మ రోజూ నా వెంటపడేది.

"రాంబాబు సారూ, గా పెద్ద బడిల మా మల్లి కూసుంటె సాలు. మల్ల నాకేం ఫికరుండది. కార్డులు మంచిగనే పెడ్తుందా పోరి?"

"పెడుతుంది యాదమ్మా."

"మరి అమ్మగారు రోజు గా మామిడిపండ్లదే ఎందుకిస్తది?"

నేను ఉప్మా నములుతూ ఉండేవాణ్ణి. ఆ ఉప్మా నోట్లో ఉండగా ఎవరూ ఏమీ మాట్లాడలేరు. యాదమ్మ తానే సర్దిచెప్పుకునేది. "ఆటనే గద, తియ్" అని, మనవరాలి ముక్కు తుడుస్తూ నేర్పేది. "బిడ్డా, గా కార్డు వస్తె జత కోసం దేవులాడకు. ఏడ్వకు. సప్పుడు చేయక పోయి తలుపు కాడ నిలవడు. అమ్మగారికి గుస్స రాదు. మంచి పిల్ల అంటది."

మల్లిక మంచి పిల్ల. మామిడిపళ్ళు వేలితో ఒక్కొక్కటే తాకి లెక్కపెట్టుకుని, సరిపోయాయని తల ఊపి, తనంతట తానే వెళ్ళి గుమ్మం దగ్గర చెవులు పట్టుకుని నిలబడేది. ఆ గుమ్మం పక్కనే మావయ్య పడక కుర్చీ. ఎనిమిది పోయినప్పటి నుంచి ఆయన అత్తయ్య మీద లోలోపల కత్తులు నూరుతున్నాడు. కుర్చీ చేతి మీద ముక్కుపొడుం చల్లి, వేలితో ఎనిమిది రాసి, మల్లికకు చూపించి చెరిపేసేవాడు.

"ఏమిటే ఇది?"

"రెండు లడ్లు, తాతా. ఒకదాని మీన ఒకటి."

"అదేనే ఎనిమిదంటే. నీ మామిడిపళ్ళకి జత. అమ్మగారికి చెప్పావంటే నన్నూ నీ పక్కన నిలబెడుతుంది."

అలా ఆ బడి మొత్తంలో ఎనిమిది వచ్చిన పిల్ల ఒక్కతే తయారైంది. ముక్కుపొడుం వాసన తగలగానే ఎనిమిది గుర్తొచ్చి తుమ్మేది.

పరీక్ష నాడు యాదమ్మ మల్లిక తలకు అర గిద్దెడు నూనె పెట్టి, రెండు జడలు ఎంత బిగించి వేసిందంటే పిల్ల కళ్ళు మూయడానికి వీల్లేకపోయింది. ఇంగ్లీషు మాట్లాడటానికి తోడు రమ్మని నన్ను బతిమాలింది. నా ఇంగ్లీషు సంగతి ఆవిడకి తెలియదు. పెద్ద బడి గదిలో చల్లటి యంత్రం, చుట్టూ అద్దాలు, కాళ్ళ కింద మెత్తటి తివాచీ. మల్లిక చెప్పులు విప్పి చంకలో పెట్టుకుంది. మాకంటే ముందు ఆరుష్ కూర్చున్నాడు. వాడు కార్డులు చకచకా జతచేసి, ఎనిమిది గోళీల కార్డు రాగానే ఆగిపోయి, ఎదురుగా ఉన్న అంకెను ఎరగనట్టు చూసి, గట్టిగా ఒక చప్పట కొట్టాడు. టీచరమ్మలు ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు. స్వప్నగారికి చెమట పట్టింది. పెద్ద టీచరమ్మ కళ్ళజోడు తీసి, "వావ్! వాట్ ఎ సెన్స్ ఆఫ్ రిథమ్!" అంది. వాడికి సంగీత జ్ఞానం పుట్టుకతో వచ్చిందని రాసుకున్నారు. సీటు ఇచ్చేశారు.

తర్వాత మల్లిక. ఒకటికి ఒకటి, రెండుకి రెండు, తొణక్కుండా బెణక్కుండా జతచేసింది. మధ్యలో ఒకసారి తలుపు అద్దంలోంచి అవ్వ వైపు చూసింది. అద్దం అవతల యాదమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఎనిమిది గోళీల కార్డు వచ్చింది. మల్లిక ఒక్కో గోళీ వేలితో తాకింది. తలెత్తి బల్ల మీద వెతికి, ఎనిమిది అంకె తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, తుమ్మకపోవడంతో కాస్త ఆశ్చర్యపోయింది. రెండు కార్డులూ ఒకదాని మీద ఒకటి పెట్టింది. నేను గాల్లోకి ఎగరబోయాను. అప్పుడు ఆ రెండు కార్డులూ గుండెకి అదుముకుని, "గిది నాది" అని చెప్పి, కుర్చీ దిగి, నడుచుకుంటూ పోయి తలుపు దగ్గర చెవులు పట్టుకుని నిలబడింది.

పెద్ద టీచరమ్మ రమ్మని పిలిచింది. రాలేదు. చాక్లెట్ చూపించింది. రాలేదు. "వై ఈజ్ షి స్టాండింగ్ దేర్?" అని నన్ను అడిగింది. నేను జన్మలో కూడబెట్టిన ఇంగ్లీషంతా బయటికి తీసి, "మేడమ్, ఎయిట్ ఈజ్ ప్లానెట్ ప్రాబ్లమ్. షి ఈజ్ గుడ్ గర్ల్, దేర్‌ఫోర్ డోర్" అన్నాను. ఆవిడ నా వంక, మల్లిక వంక, ఇద్దరం ఒకే ఇంటి సరుకన్నట్టు జాలిగా చూసింది. పిల్లకి కుదురు లేదనీ, పెద్దలు చెబితే వినదనీ, వచ్చే ఏడు చూద్దామనీ తెలుగులో సెలవిచ్చింది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుందని వాళ్ళిచ్చిన దరఖాస్తు కాగితం మీదే ఉంది.

బయటికి రాగానే యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏమాయె సారూ? అన్ని మంచిగనే పెట్టింది గద?"

"పెట్టింది యాదమ్మా. అన్నీ సరిగ్గా పెట్టింది."

"ఇగ మరేంది? సీటెందుకియ్యరు?"

"నిలబడిందట."

యాదమ్మకు చాలాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక నన్నేమీ అనలేదు, టీచరమ్మనేమీ అనలేదు. మనవరాలి వీపు మీద ఒకటి చరిచింది. మల్లిక ఎందుకు కొట్టిందో తెలియక, అడగడం అలవాటు లేక, చెవులు మళ్ళీ పట్టుకుంది.

ఇంటికి వచ్చి జరిగింది చెబితే అత్తయ్య వింటూ వింటూ చాపమీద కూలబడిపోయింది. కొంగుతో ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మావయ్య పేపరు పక్కన పెట్టడం నేను అదే మొదటిసారి చూడటం. అత్తయ్య లేచి మామిడిపళ్ళ కార్డు తీసి, బంగారు అంచుని కూడా చూసుకోకుండా పొయ్యిలో పెట్టింది. మల్లికను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేడన్నంలో నెయ్యి పోసి, పప్పు కలిపి, ముద్దకొక అంకె చెబుతూ తినిపించింది. ఏడు ముద్దలయ్యాక ఒక క్షణం ఆగి, గొంతు సవరించుకుని, "ఎనిమిది తల్లీ" అంది.

ఇప్పుడు కోకాపేటలో ఆ ట్యాబ్ చూస్తుంటే ఇదంతా గుర్తొచ్చింది. ఇప్పటి పిల్లల్ని ఎవరూ గుమ్మం దగ్గర నిలబెట్టరు. పిల్ల ఎన్ని తప్పులు చేసిందో, ఏ అంకె దగ్గర ఎంతసేపు ఆలోచించిందో, తోటి పిల్లలకంటే ఎంత వెనకబడిందో గీత గీసి ఆ యంత్రం తల్లి ఫోనుకు పంపుతుంది. పిల్ల ముందు నక్షత్రాలు చల్లుతుంది, వెనక చాడీలు చెబుతుంది. మా అత్తయ్య ఆ విషయంలో నయం, ముఖం మీదే శని అనేది. ఆ రేకుల షెడ్లున్న చోట ఇప్పుడు అద్దాల భవనం ఉంది. భవనం పూర్తికాగానే షెడ్లు విప్పేశారు, యాదమ్మ వాళ్ళు బోరబండ దాటి ఎటో పోయారన్నారు. మొన్న మాటల్లో మల్లిక పేరెత్తాను. అత్తయ్య కళ్ళు చికిలించి, "ఏ మల్లిక? ఫీజు ఎగ్గొట్టినవాళ్ళా?" అంది.

ఇక మాట ఇచ్చాను కాబట్టి చెప్పేస్తాను. ఏనుగు తొండం, చెరువులోంచి తిరిగొచ్చిన కార్డు, క్యాలెండరు కిటికీలు, వీటికి కొంచెం గాలి కొట్టిన మాట నిజం, కాని లోపల సరుకుంది. ఆరుష్ చప్పట నిజం. నా ఇంగ్లీషు, అయ్యో, అక్షరం అక్షరం నిజం. పూర్తిగా పుట్టించింది అత్తయ్య ఏడవడం. పొయ్యి లేదు, నెయ్యి లేదు, ముద్దలు లేవు. జరిగినదల్లా ఇంతే: అత్తయ్య అంతా విని, రెండు చేతులూ చరుచుకుని, "చూశావుట్రా? నేను చెబితే నవ్వారు. ఆఖరికి ఎంత పని చేసిందో చూడు ఆ ఎనిమిది!" అంది. నిజాంపేట ఆయనకి ఆ సాయంత్రమే పళ్ళు పంపింది.

మర్నాడు పొద్దున్న మామూలుగానే హాల్లో అంకెలు పరిచింది, పిల్లల్ని వరుసలో నిలబెట్టింది, కార్డులు పంచింది. యాదమ్మ గుమ్మం దగ్గర నేల తుడుస్తోంది. మల్లిక వంతు వచ్చింది. అడుగునున్న కార్డు చేతిలో పెట్టింది అత్తయ్య. ఈల వేయకముందే మల్లిక వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది. ఆ రోజు మామిడిపళ్ళు లెక్కపెట్టలేదు. ఆ తర్వాత ఎప్పుడూ లెక్కపెట్టగా నేను చూడలేదు.